ఎడారి నీళ్ల కథ రాసిన అనుపమ్ మిశ్ర

అనుపమ్ మిశ్ర ఎడారిలో పుట్టినవారు కాదు. 1948లో వార్ధాలో పుట్టారు. నాన్నగారు భవానీప్రసాద్ మిశ్ర హిందీలో పెద్ద కవి, గాంధేయవాది. మన హైదరాబాద్ నుంచి వెలువడిన ‘కల్పన’ హిందీ పత్రికలో కొంతకాలం పనిచేశారు కూడా. అనుపమ్ ఢిల్లీ యూనివర్సిటీలో సంస్కృతం ఎం.ఏ. చదివి, గాంధీ శాంతి ప్రతిష్ఠాన్‌లో చేరి, జీవితమంతా అక్కడే గడిపారు. అయినా థార్ ఎడారి నీళ్ల గురించి ఆయన రాసినంత ప్రేమగా, ఆయన రాసినంత వివరంగా రాసినవాళ్లు నాకింకెవరూ కనపడలేదు.

2016 డిసెంబర్ 19న ఆయన క్యాన్సర్‌తో ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి 68 ఏళ్లు. నాకా సంగతి ఫోన్‌లో తెలిసింది. జైసల్మేర్‌లో నాతో పనిచేసిన స్టోర్‌కీపర్ ఫోన్ చేశాడు. పెద్దాయన. మాట పెగల్లేదు చాలాసేపు. ఆయన అనుపమ్‌జీని ఎన్నడూ కలిసింది లేదు. నేనూ కలవలేదు. మా ఇద్దరికీ ఆయన పుస్తకమే పరిచయం. సొంత మనిషి పోయినంత బాధ మాత్రం ఇద్దరికీ ఉంది.

నాది అనంతపురం జిల్లా. రామగిరి కొండల మీద గాలిమరల పని నేర్చుకుని, ఆ అనుభవంతోనే జైసల్మేర్ వైపు ఉద్యోగానికి వెళ్లాను. వెళ్లేముందు మా నాయన ఒక్కటే మాటన్నాడు: “ఒక కరువుసీమ ఇడిసి ఇంకో కరువుసీమకు పోతాండావా?” మా సైట్ రామ్‌గఢ్ దారిలో ఉండేది. ఎటు చూసినా ఇసుక, ముళ్లపొదలు, ఒంటెలు, మధ్యలో మేం నిలబెట్టే స్తంభాలు. క్యాంపుకి నీళ్లు ట్యాంకర్లో వచ్చేవి. ట్యాంకర్ ఆలస్యమైతే అందరికీ టెన్షన్. ఒక సాయంత్రం స్టోర్‌కీపర్‌ని అడిగాను, ఇందిరాగాంధీ కాలువ రాకముందు, ట్యాంకర్లు లేనప్పుడు మీ తాతలు ఏం తాగి బతికారని. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు సంచిలోంచి ఒక పుస్తకం తీసి, “ఇంజనీర్ సాబ్, ఇది చదవండి, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు.

అది ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’. 1995లో వచ్చింది. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన పుణ్యాన చదవగలిగాను. నిజానికి ఆ హిందీ చదవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. పక్కన కూర్చుని తీరిగ్గా చెబుతున్నట్టు ఉంటుంది. ఎక్కడా కోపం లేదు, భయపెట్టడం లేదు. నీటి సంక్షోభం అంటూ గుండెలు బాదుకునే పుస్తకాలు అప్పటికే కొన్ని చదివి ఉన్నాను. ఇది వేరు. ఏడాదికి పదహారు సెంటీమీటర్ల వాన పడే చోట మనుషులు వందల ఏళ్లు ఎలా బతికారో, ఆ బతకడంలో ఎంత తెలివి, ఎంత సొగసు ఉన్నాయో చెబుతాడు. అక్కడి సమాజం వానను అంగుళాల్లో కొలవలేదట, చినుకుల్లో లెక్కపెట్టుకుందట, ఆ చినుకుల్ని వెండి చుక్కలుగా చూసిందట. పుస్తకం పేరులోని ‘రజత బిందువులు’ అవే.

మా అనంతపురంలో ఏడాదికి యాభై అయిదు సెంటీమీటర్ల దాకా పడుతుంది. అంటే వాళ్లకి మూడింతలు పైనే. ఆ లెక్క చేసుకున్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసిన అధ్యాయం ‘కుంయీ’ గురించి. తర్వాత అది ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి హిందీ పుస్తకంలో పాఠంగా కూడా వచ్చింది. కుంయీ అంటే చాలా ఇరుకైన బావి. కానీ భూగర్భజలం కోసం తవ్వింది కాదు. అక్కడ లోతుకి పోతే దొరికేది ఉప్పునీళ్లే. ఎడారివాళ్లు నీళ్లని మూడు రకాలుగా చూస్తారు. వాన పడి నేలమీద పారేది, చెరువులో నిలిచేది పాలర్ నీరు. లోతు బావుల్లో ఊరేది పాతాళ్ నీరు. ఈ రెంటికీ మధ్య, ఇసుకలో ఇంకి ఆగిపోయేది రెజానీ నీరు. చురూ, బీకానేర్, జైసల్మేర్, బాడ్‌మేర్ ప్రాంతాల్లో కొన్నిచోట్ల ఇసుక కింద సుద్దరాయి లాంటి పొర ఒకటి ఉంటుంది, జిప్సం పొర. పది పదిహేను మూరల లోతు నుంచి యాభై అరవై మూరల దాకా ఎక్కడైనా తగలొచ్చు. ఇంకిన వాననీటిని ఆ పొర ఉప్పునీళ్లలో కలవనివ్వకుండా ఆపుతుంది.

మరి అంత ఎండకి ఆ తేమ ఆవిరైపోదా? ఇంజనీర్‌ని కాబట్టి నాకు ముందు వచ్చిన అనుమానం అదే. ఆయన దానికి కూడా జవాబు రాశారు. మన నల్లరేగడో ఎర్రమట్టో అయితే తడిసినప్పుడు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఎండినప్పుడు నెర్రెలిస్తాయి. ఆ నెర్రెల్లోంచే లోపలి తేమ పోతుంది. ఇసుక రేణువులు అంటుకోవు. అంటుకోవు కాబట్టి విడిపోవు, నెర్రెలు రావు. లోపలికి పోయిన తేమ లోపలే ఉంటుంది. కుంయీ తవ్వితే ఆ ఖాళీలోకి చుట్టుపక్కల తేమ చుక్కచుక్కగా చేరి నీళ్లవుతుంది. ఎంత? రోజంతా కలిపి రెండు మూడు కుండలు.

ఆ రెండు మూడు కుండల కోసం ఎంత పని! తవ్వే మనిషిని అక్కడ చేజారో అంటారు. లోపల గునపం పెట్టి ఊపేంత చోటు ఉండదు. బసౌలీ అనే పొట్టి పిడి పనిముట్టుతో కూర్చుని తవ్వాలి. పైనుంచి రాయో ఇసకో పడినా దెబ్బ తగలకుండా నెత్తిన లోహపు టోపీలాంటిది పెట్టుకుంటాడు. లోతుకి పోయేకొద్దీ ఉక్క, ఊపిరాడదు. అప్పుడు పైనున్నవాళ్లు పిడికెడు పిడికెడు ఇసుక తీసి జోరుగా లోపలికి విసురుతారు. ఆ విసురుకి పైగాలి కిందికి పోతుంది, కింది వేడిగాలి పైకొస్తుంది. ఇంత చిన్న సంగతి! ఫ్యాన్ లేదు, పైపు లేదు. గాలితో కరెంటు తీసే పనిలో ఉన్నవాణ్ణి, ఆ పేరా దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. తవ్వుతూండగానే గోడ కూలకుండా ఖీంప్ అనే పొద నారతో పేనిన లావుపాటి తాడుని అడుగు నుంచి చుట్టలు చుట్టుకుంటూ పైదాకా తెస్తారు. సుద్దపొర తగిలిందంటే పని అయిపోయినట్టు. ఆరోజు పండగ. చేజారోకి విందు, కానుకలు. ఆ ఒక్కరోజుతో పోదు. ఏడాదిలో పండగలకీ పబ్బాలకీ ఆయన వాటా ఆయనకి ఉండేది, పంట కళ్లంలో కూడా. తర్వాత కాలంలో అది ఉత్త కూలి పనిగా మిగిలిందని కూడా రాశారు.

ఒక ఆదివారం స్టోర్‌కీపర్ నన్ను రామ్‌గఢ్ అవతల ఒక ఊరికి తీసుకెళ్లి చూపించాడు. కుంయీల మూతలన్నీ పగలంతా వేసే ఉన్నాయి. పొద్దువాలుతుండగా, పశువులు ఇళ్లకి మళ్లే వేళకి ఒక్కసారిగా అన్నీ తెరిచారు. ఆడవాళ్లు, పిల్లలు, చిన్న చిన్న బొక్కెనలు, గిలకల చప్పుడు. కుంయీ ఎవరిది వారిదే, నేల మాత్రం ఊరందరిదీ. కొత్తగా ఒకరు తవ్వుకుంటే అందరి తేమలోంచీ వాటా పోతుంది కాబట్టి ఊరు ఒప్పుకుంటేనే తవ్వాలి. అక్కడొక ముసలాయన, అందరూ ‘బాసా’ అని పిలుస్తున్నారు, నాకు గ్లాసుతో నీళ్లిచ్చి, తాగేదాకా కళ్లు తిప్పకుండా చూశాడు. నేను అడుగున కొంచెం మిగిల్చి పారబోయబోతే చెయ్యి పట్టుకున్నాడు. నెయ్యి ఒలికితే నాకేం పోదు, నీళ్లొలికితే ప్రాణం తరుక్కుపోతుంది అని మార్వాడీలో సామెత ఒకటుంది. ఆయన దాన్ని చెప్పలేదు, స్టోర్‌కీపర్ దారిలో చెప్పాడు. ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయి. మా క్యాంపు ట్యాంకర్ నీళ్ల పక్కన వాటిని తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

అనుపమ్ మిశ్ర పేరు దేశమంతా తెలిసింది మాత్రం ఇంతకంటే ముందు, 1993లో వచ్చిన ‘ఆజ్ భీ ఖరే హై తాలాబ్’తో. చెరువుల పుస్తకం. వందల వేల చెరువులు శూన్యంలోంచి ఊడిపడలేదని, వాటి వెనక కట్టించినవాళ్లు ఒకట్ల స్థానంలో ఉంటే కట్టినవాళ్లు పదుల స్థానంలో ఉన్నారని, ఆ ఒకట్లూ పదులూ కలిసే వందలూ వేలూ అయ్యాయని మొదలవుతుంది. జైసల్మేర్ ఘడ్‌సీసర్ చెరువు కథ అందులోనే చదివాను. 1335లో మహారావల్ ఘడ్‌సీ దాన్ని కట్టించాడు. కట్ట మీద నిలబడి పని చూసుకుంటూండగానే కుట్రలో హతమయ్యాడు. రాణి విమల సతి కాకుండా నిలబడి చెరువు పూర్తిచేసింది. ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే నేలని అక్కడ ‘ఆగోర్’ అంటారు. దాన్ని ఎంత శుభ్రంగా ఉంచేవారంటే చెప్పులతో తొక్కనిచ్చేవారు కాదు. మా సెలవురోజుల్లో ఘడ్‌సీసర్‌కే వెళ్లేవాళ్లం. టూరిస్టులు పడవలెక్కి ఫొటోలు దిగుతుంటారు. చెరువుకి వాననీళ్లు రావాల్సిన ఆగోర్‌లో విమానాశ్రయం లేచిందని మిశ్ర ఎప్పుడో రాసి పెట్టారు. ఆ గట్టు మెట్ల మీద కూర్చుని ఆ విమానాశ్రయం మాట చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

ఆ పుస్తకం మీద ఆయన హక్కులు పెట్టుకోలేదు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఏ భాషలోకైనా తెచ్చుకోవచ్చు. చాలా భాషల్లోకి వెళ్లింది, బ్రెయిలీలో కూడా వచ్చింది. బొమ్మలు వేసింది దిలీప్ చించాల్కర్. ఆ గీతలు లేకుండా ఆ పుస్తకాన్ని ఊహించుకోలేను. ప్రజల దగ్గర విన్నది ప్రజలకే ఇస్తున్నప్పుడు మధ్యలో నా పేరుతో హక్కు ఏమిటన్నది ఆయన పద్ధతి అని నేను అర్థం చేసుకున్నాను. సొంత హక్కు వదిలేసిన మనిషి, ఇతరుల పేర్ల దగ్గర మాత్రం ఎంత పట్టుదల! చెరువు కొలతలు వేసే గజధర్ నుంచి, మట్టి వాసన చూసి నీళ్ల జాడ చెప్పేవాడి దాకా, తట్టలు మోసినవాళ్ల దాకా, ఏ ప్రాంతంలో ఎవర్ని ఏమని పిలిచేవారో వెతికి వెతికి రాశారు. చదువుతుంటే పేజీ మధ్యలో హఠాత్తుగా చెరువు నీళ్లు పొలాలకి పంచే దక్షిణాది ‘నీరుగంటి’ కనపడ్డాడు. జైసల్మేర్ ఇసుకలో, హిందీ పుస్తకంలో, మా ఊరి నీరుగంటి! ఆ పదం విని అప్పటికి ఎన్నేళ్లయిందో.

ఆయన మిగతా జీవితం గురించి కూడా చెప్పాలి గానీ నాకు తెలిసింది తక్కువ. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు చంబల్ బందిపోట్లు లొంగిపోయినప్పుడు ఆయన అక్కడ ఉన్నారు. ప్రభాష్ జోషీ, శ్రవణ్ గర్గ్‌లతో కలిసి ఆ కథ రాశారు. చిప్కో ఉద్యమం గురించి తొలినాళ్లలోనే రాసినవాళ్లలో ఒకరు. ‘గాంధీ మార్గ్’ హిందీ పత్రికకి సంపాదకులుగా ఉన్నారు. 1996లో ఇందిరాగాంధీ పర్యావరణ పురస్కారం, 2011లో జమ్నాలాల్ బజాజ్ అవార్డు వచ్చాయి. 2009లో మైసూర్‌లో టెడ్ వేదిక మీద మాట్లాడిన వీడియో ఉంది. మామూలు ఇంగ్లీషు, నెమ్మదైన గొంతు. కోట్లు పోసి తెచ్చిన కాలువల పక్కన, వాళ్ల తాతలు కట్టుకున్నవాటి బొమ్మలు చూపిస్తాడు. ఎవర్నీ తిట్టడు.

బీహార్ వరదల మీద 2004లో రాసిన వ్యాసం కూడా దొరికితే చదవండి. ఈదడం తెలిసిన సమాజం ఇప్పుడెందుకు మునుగుతోందని అడుగుతాడు. ఆయన ఎడారి గురించి చెప్పిందీ అదే ప్రశ్నకి రెండో వైపు. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్‌లో వరద వచ్చినప్పుడు, ఇసుక దేశంలో నీళ్లు నెలల తరబడి ఇంకకుండా నిలిచిపోయాయి. కారణం అదే జిప్సం పొర. దాని మీద కుంయీ తవ్వుకున్నవాళ్లకి అది తీపినీళ్లిచ్చింది. అది కిందుందన్న సంగతీ, పాత వాగు దారీ మర్చిపోయి కట్టుకున్న ఇళ్లు మునిగాయి.

నేను ఉద్యోగం వదిలి ఊరొచ్చాక మా నాయనకి ఈ కథలన్నీ చెప్పేవాణ్ణి. సాయంత్రం అరుగు మీద కూర్చుని హిందీలోంచి అప్పటికప్పుడు తెలుగు చేసి చదివేవాణ్ణి. ఇసుక విసిరి గాలి పంపడం విని ఆయన చాలా సంతోషపడ్డాడు. “మన వడ్డెరోళ్లు గూడా ఇట్లాంటి పనోళ్లేరా” అన్నాడు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం సంగతి ఆయనకి తెలుసు. 1369 నాటిది. భాస్కర భవదూరుడు అనే విజయనగర రాజకుమారుడు కట్టించిన చెరువు. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాతి మీద చెక్కించారు. చెరువు ఎలాంటి చోట కట్టాలో, ఏయే దోషాలు ఉండకూడదో కూడా ఉంది. వెయ్యి మంది అని అంకె ఉంది గానీ ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు కదా అన్నాడు నాయన. మిశ్ర బతికుండి ఆ మాట వింటే ఆయనతో కూర్చుని గంటలు మాట్లాడేవారు అనిపించింది.

ఇంకో కథ దగ్గర మాత్రం మా నాయన అడ్డం పడ్డాడు. ‘రజత్ బూందే’లో ఒక ఐతిహ్యం ఉంది. కురుక్షేత్రం అయిపోయి కృష్ణుడు ద్వారకకి తిరిగి వెళుతూ ఈ ఎడారిలో ఉత్తుంగ మహర్షిని కలిశాడు, వరం కోరుకోమన్నాడు. ఈ నేలలో నీటికి కరువు ఉండకూడదని ముని అడిగాడు. తథాస్తు అన్నాడు కృష్ణుడు. వరం దొరికింది కదా అని ఆ సమాజం చేతులు ముడుచుకుని కూర్చోలేదని, ఊరూరా నీటి చుక్కని పట్టే పద్ధతులు కనిపెట్టిందని మిశ్ర ఎంతో అందంగా ముగిస్తారు. మా నాయన భారతం బాగా చదివినవాడు. “ఆ ముని మన ఉదంకుడే. భారతంలో కథ ఆడికి అయిపోదు” అన్నాడు. అశ్వమేధపర్వంలో ఉంది. ఉదంకుడు ఎడారిలో దప్పికతో కృష్ణుణ్ణి తలుచుకుంటే, వేటకుక్కలతో, ఒంటినిండా మట్టితో ఒక చండాలుడు వచ్చి నీళ్లు తాగమన్నాడు. ముని తాగలేదు, కోపగించుకున్నాడు. తర్వాత కృష్ణుడు వచ్చి, వచ్చినవాడు ఇంద్రుడని, తెచ్చింది అమృతమని చెప్పాడు. ఎడారిలో వానలు కురిపించే ఉదంకమేఘాల వరం ఆ తర్వాతే.

అది చెప్పి నాయన మా ఊరి నీరుగంటి మాట ఎత్తాడు. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఆ నీరుగంటిదే నిర్ణయం. రెడ్డి అయినా కరణమైనా ఆయన మాట వినాల్సిందే. మాలపల్లి మనిషి. సొంత పొలం ఉన్నవాడైతే పక్షపాతం వస్తుందని భూమి లేనివాళ్లకి ఆ పని అప్పజెప్పేవారు. ఈ ఏర్పాటుని మిశ్ర మెచ్చుకుంటూ రాశారు. “ఊరి నీళ్లన్నీ పంచింది వాడే గానీ, ఊరి బావిలో వాణ్ణి చేద ఎయ్యనిచ్చిందెప్పుడు?” అన్నాడు నాయన. నాకు నోట మాట రాలేదు. పాత సమాజాన్ని మిశ్ర ఎక్కువగా దాని మంచి వైపు నుంచే చూశారు. ఆ మంచిని అందరూ తొక్కేస్తున్న కాలంలో ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి, ఆయన చెప్పారు. కానీ బావి దగ్గర ఎవరు దూరంగా నిలబడ్డారన్నది ఆ పుస్తకాల్లో నాకు దొరకాల్సినంత దొరకలేదు. ఆయన మీద ఇష్టం ఆవగింజంత తగ్గకుండానే ఈ మాట రాస్తున్నాను.

మా ఊరి చెరువు చాలా ఏళ్లు కంపచెట్లతో నిండిపోయి ఉండేది. బోర్లు వచ్చాక చెరువుతో ఎవరికీ పని లేకపోయింది. బోర్లు ఎండాక మళ్లీ గుర్తొచ్చింది. పూడిక తీసినప్పుడు రెండు తూముల్లో ఒకటి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ట్రాక్టర్ తోలుతున్న కుర్రాడు దిగొచ్చి, కట్ట మీద చింతచెట్టు నుంచి అడుగులు వేసి, ఇక్కడ తవ్వండి అన్నాడు. రెండు గజాల లోతులో రాయి తగిలింది. ఆ కుర్రాడు నీరుగంటి మనవడు. తాత చెప్పాడట చిన్నప్పుడు.

నాయన ఇప్పుడు లేడు. ఆ తూము రాతి మీద నీరుగంటి పేరు చెక్కిద్దామని నేనూ ఇంకొందరం ఊళ్లో అడుగుతున్నాం. ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. ఇప్పటికి ఒప్పుకున్నవాళ్లు సగం మంది. పీర్ల పండగ అయ్యాక మళ్లీ కూర్చుందామన్నారు.